బండీ బాటా: కొండ దారిలో కొత్త సెడాన్

(పాఠకుల వాహన సందేహాలకు సమాధానాలు. ఈసారి తిరుపతి నుంచి వచ్చిన ఒక పొడవైన ఉత్తరానికే ఎక్కువ చోటు ఇస్తున్నాము. ఈ శీర్షిక అలవాటు ప్రకారం బండి పేరును, అమ్మినవారి పేరును తీసివేశాము.)

ప్రశ్న: పదమూడేళ్లపాటు ఒకే డీజిల్ మాన్యువల్ కారు నడిపిన నేను, రెండు నెలల క్రితం చెన్నైలో ఒక జర్మన్ కంపెనీవారి స్పోర్ట్స్ తరహా లగ్జరీ సెడాన్ కొన్నాను. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, రెండువందల యాభై పైచిలుకు హార్స్‌పవర్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, వెనక చక్రాలు నడిపే అమరిక, పద్ధెనిమిది అంగుళాల చక్రాలు. ఇప్పటికి 2,400 కిలోమీటర్లు తిరిగాను. ముందు నా అనుభవం చెప్పి, ఆ తర్వాత సందేహాలు అడుగుతాను.

తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా బండిని ఇంటికి తెచ్చిన రోజే నాకు తెలిసివచ్చిన సంగతి ఏమిటంటే, ఇందులో వేగం కన్నా ముందు చేతికి తగిలేది స్టీరింగు. పాత కారు, తిప్పిన తర్వాత ఒక క్షణం ఆలోచించుకుని తిరిగేది. దీనికి చేయి కదలడమే ఆలస్యం. లారీని దాటవలసి వచ్చినప్పుడు కాలు కొద్దిగా ఒత్తితే చాలు, దాటేసిన తర్వాత గానీ ఒత్తినట్టు గుర్తుకు రాదు. సీటు నడుముకు రెండు వైపులా పట్టి ఉంచడం వల్ల మూడు గంటలు కూర్చున్నా వెన్ను నొప్పి పుట్టలేదు. అద్దాలు మూసుకుంటే బయటి హారన్లు పక్కవీధిలో మోగినట్టు వినిపిస్తాయి.

ఇక కష్టాలు. కాణిపాకంలో పూజ చేయించి, చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు తొక్కించి బయలుదేరిన పది నిమిషాలకే, ఒక పల్లె ముందు ఊరివాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్ బండి కడుపును బర్రున గీసింది. డెబ్బై ఎనిమిదేళ్ల మా అమ్మ వెనక సీట్లోకి ఎక్కిన ప్రతిసారీ "బావిలోకి దిగినట్టుంది నాయనా" అంటోంది. తిరుచానూరు రోడ్డు మీద ఏ చిన్న గుంత వచ్చినా నడుముకు తెలుస్తోంది. డిక్కీలో స్టెప్నీ లేదు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది, తిరుమల కొండకు వెళ్లి దిగివస్తున్నప్పుడు అలిపిరి చేరేసరికి బ్రేకుల నుంచి వచ్చిన కమురు వాసన. బండిలో లోపం ఉందా, నేను నడిపే తీరులో లోపం ఉందా? పెట్రోలు ఏది పోయించాలి? దయచేసి వివరంగా రాయగలరు.
— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీరు చివర రాసిన బ్రేకుల సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ సౌకర్యానికి సంబంధించినవి, ఇది ప్రాణానికి సంబంధించినది. వాసన ఒక్కటే వచ్చి, పెడల్ ఎప్పటిలాగే గట్టిగా ఉండి, బండి ఎప్పటిలాగే ఆగి ఉంటే అది లోపం కాదు, దిగిన తీరు వల్ల పుట్టిన వేడి. ఆ వేడి ఎంతో లెక్క వేసి చూడండి. కొండ మీది ఊరు దిగువ తిరుపతికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మనుషులతో కలిపి 1,700 కిలోల బండి అంత ఎత్తు నుంచి దిగినప్పుడు విడుదలయ్యే శక్తి, సుమారు నలభై లీటర్ల నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. ఇంజిన్ దానిలో కొంతైనా పంచుకోకపోతే, ఆ వేడి దాదాపు అంతా నాలుగు ఇనుప పళ్లాల మీద, వాటిని పట్టుకునే అరచేయంత ప్యాడ్ల మీద పడుతుంది.

మనం దిగడానికి వాడే మొదటి ఘాట్ రోడ్డును మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ప్రణాళికతో వేసి, 1944లో తెరిచారు. దాదాపు 19 కిలోమీటర్లలో 36 హెయిర్‌పిన్ మలుపులు. అప్పటి బస్సులకు వేసిన ఆ దారిలో, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. అంటే సగటు వేగం గంటకు 29 కిలోమీటర్లు కూడా దాటదు. ఇంత తక్కువ వేగంలో బ్రేకులు ఎందుకు కాగుతాయని మీకు అనుమానం రావచ్చు. కారణం మీ ఆటోమేటిక్ గేరు. ‘డి’ (డ్రైవ్) స్థానంలో వదిలేస్తే అది పెట్రోలు పొదుపు కోసం పై గేర్లకు పోతుంది, పై గేరులో ఇంజిన్ బండిని వెనక్కి పట్టదు, అప్పుడు మీ పాదం మలుపు మలుపుకీ, మలుపుకూ మలుపుకూ మధ్య కూడా, బ్రేకు మీదనే ఉండిపోతుంది. డీజిల్ మాన్యువల్ కారును పదమూడేళ్లు నడిపిన మీరు అందులో తెలియకుండానే రెండో గేరులో దిగి ఉంటారు. ఆ పని ఇప్పుడు చేత్తో చేయాలి.

కొండ మీద నుంచి బయలుదేరేటప్పుడే గేరు మీటను మాన్యువల్ స్థానంలోకి నెట్టి, స్టీరింగు వెనక ఎడమ ప్యాడిల్‌తో (వేళ్లతో గేరు తగ్గించే చిన్న మీటతో) రెండో గేరు పెట్టుకోండి. వంపు తక్కువగా, తిన్నగా ఉన్న చోట మూడో గేరు సరిపోతుంది. ఇంజిన్ కొంచెం ఎక్కువ శబ్దం చేస్తుంది, భయపడనక్కరలేదు. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఆ శబ్దంలో పెట్రోలు దాదాపు ఖర్చు కాదు. బ్రేకును మలుపుకు ముందు గట్టిగా, కొద్దిసేపు తొక్కి పూర్తిగా వదిలేయండి. మెత్తగా ఆనించి ఉంచడమే దానిని కాల్చే పద్ధతి. అలిపిరి చేరాక వెంటనే ఆపి బ్రేకు అదిమిపట్టి కూర్చోవద్దు, కపిలతీర్థం దాకా తాపీగా పోనిస్తే గాలికే చల్లబడుతుంది. వాసన వచ్చిందని కొందరు చక్రాల మీద బాటిలు నీళ్లు పోస్తారు. కాగిన డిస్కు మీద చల్లని నీళ్లు పడితే అది వంకరపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా పెడల్ మెత్తబడి లోపలికి దిగినట్టు అనిపిస్తే మాత్రం, పక్కన స్థలం చూసి ఆపి, చల్లారే దాకా కదలవద్దు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని పాతబడుతుంది కాబట్టి, బండి ఎంత తక్కువ తిరిగినా రెండేళ్లకు ఒకసారి దానిని మార్పించండి. కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకోవడానికి కూడా కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. మీ మొదటి కొండ ప్రయాణం ఆ లోపే జరిగి ఉంటే వాసనకు అదీ ఒక కారణమే.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇటువంటి బండి గొప్పతనం చూడాలంటే ఖాళీ హైవే కావాలని అందరూ అనుకుంటారు. నా మట్టుకు నాకు మొదటి ఘాట్ రోడ్డులో ముప్పై కిలోమీటర్ల వేగంతో, బస్సు వెనక, కిటికీ కొంచెం దించుకుని దిగుతున్నప్పుడే అది బాగా తెలుస్తుంది. ముందు చక్రాలకు బండిని మలుపు తిప్పడం, బ్రేకు పట్టడం తప్ప వేరే పని లేదు, లాగే పని వెనక చక్రాలది. ఇంజిన్ బరువు ముందు ఇరుసుకు వెనకగా జరిపి ఉంటుంది. అందుకే మలుపు లోపల బండి బయటికి జారుతున్నట్టు కాక, ఇరుసు మీద రాట్నంలా తిరుగుతున్నట్టు ఉంటుంది. మీరు మొదటి రోజే స్టీరింగును గమనించారంటే డబ్బు సరైన చోటే పెట్టారు.

ఇప్పుడు గుంతలు. టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చూడండి. 225/45 ఆర్18 అని ఉంటే, టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే సుమారు 101 మిల్లీమీటర్లు. మామూలు కుటుంబ కార్లకు వచ్చే 185/65 ఆర్15 టైరుకు ఆ గోడ 120 మిల్లీమీటర్లు. రెండు సెంటీమీటర్ల రబ్బరు, గాలి తగ్గాయి. గుంతకూ మీ నడుముకూ మధ్య ఉన్న పరుపు అంత పలచబడింది. దానికి తోడు స్టెప్నీ ఇవ్వలేదంటే మీ టైర్లు బహుశా రన్‌ఫ్లాట్ రకం అయి ఉంటాయి. పక్కన ఆ గుర్తు ఉందేమో చూసుకోండి. గాలి పూర్తిగా పోయినా బరువు మోయడానికి వాటి పక్కగోడలను గట్టిగా చేస్తారు, ఆ గట్టితనమే మీకు తగులుతున్నది.

అయితే టైర్లను తిట్టే ముందు గాలి కొలిపించండి. దూరం నుంచి రవాణా అయ్యే కొత్త బండ్లలో గాలి ఎక్కువ నింపుతారు, ఇచ్చేటప్పుడు దానిని తగ్గించడం ఒక్కోసారి మరచిపోతారు. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీసిన చోట స్టిక్కరు మీద ఉంటుంది, ఇద్దరికి ఒక అంకె, నిండు బండికి ఒక అంకె. ఉదయం బండి కదలకముందే కొలవాలి. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పెరిగితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ (బంకులో గాలి కొలిచే అంకె) పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం రేణిగుంట నుంచి వచ్చి బంకులో కొలిస్తే, ఆ అంకెను నమ్మి గాలి తీసేస్తే, మర్నాటి ఉదయానికి తక్కువైపోతుంది. కంఫర్ట్, స్పోర్ట్ అనే బటన్లతో గుంతలు తగ్గుతాయని కూడా ఆశించవద్దు. విద్యుత్ నియంత్రణ ఉన్న షాక్ అబ్జార్బర్లు మీ బండికి ఉంటే తప్ప, ఆ బటన్లు మార్చేది ఇంజిన్ స్పందనను, గేర్లను, స్టీరింగు బరువును మాత్రమే.

రన్‌ఫ్లాట్ టైరు గాలి పోయిన తర్వాత గంటకు 80 కిలోమీటర్లు మించకుండా, సుమారు 80 కిలోమీటర్ల దూరం నడుస్తుంది. తిరుపతి దాటగానే పంక్చర్ అయినా చిత్తూరు చేరవచ్చు. మదనపల్లెకు చాలదు, పైగా మధ్యలో భాకరాపేట ఘాట్ ఉంది. ఈ రన్‌ఫ్లాట్ టైర్లను ఇప్పుడే తీయించి మామూలు టైర్లు వేయించాలన్న సలహా మీకు నలుగురూ ఇస్తారు. మెత్తదనం వస్తుందన్నది నిజమే, కానీ ఆ తర్వాత స్టెప్నీ లేని బండిలో మామూలు టైర్లతో రాత్రిపూట తిరగవలసి వస్తుంది. ఉన్నవి అరిగే దాకా నడిపి, అప్పుడు ఆలోచించండి. ముందు టైర్ల కన్నా వెనక టైర్లు వెడల్పుగా ఉంటే వాటిని ముందుకూ వెనకకూ మార్చుకోవడం కుదరదు, వెనకవి త్వరగా అరుగుతాయి, ఆ ఖర్చుకు సిద్ధంగా ఉండండి.

స్పీడ్ బ్రేకర్ విషయంలో నేల నుంచి బండికి ఉన్న ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం ఎంత ఎక్కువైతే, మధ్యభాగం గట్టును అంత సులువుగా తాకుతుంది. అందుకే ఇరుకు, ఎత్తు ఉన్న గట్టును తిన్నగా కాక కొంచెం ఏటవాలుగా, ఒక్కొక్క చక్రం ఎక్కేలా దాటాలి. ఎదురుగా బండి లేనప్పుడే సుమా. వెనక ముగ్గురు కూర్చుని ఉంటే ఆ ఒక్కచోటు ఇద్దరిని దించడంలో నామోషీ ఏమీ లేదు. కడుపు గీసినప్పుడు సాధారణంగా దెబ్బ తినేది ప్లాస్టిక్ కవచమే, అయినా ఒకసారి లిఫ్ట్ మీద ఎక్కించి చూపించండి.

మీ అమ్మగారి మాట వంద పాళ్లు నిజం. బండి నేలకు దగ్గరగా ఉండడమే దాని నిలకడకు మూలం, ఆమె మోకాళ్లకు కష్టం కూడా దానివల్లనే. ఒక కాలు ముందు లోపల పెట్టి వంగి ఎక్కే అలవాటు మాన్పించి, సీటుకు వీపు పెట్టి ముందు కూర్చోమనండి, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవచ్చు. వీలైతే ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటును పూర్తిగా పైకి లేపండి. ఆ సీట్లకు ఎత్తు సర్దుబాటు ఉంటుంది, వెనకవాటికి ఉండదు. వెనక నడుమ సీటులో మాత్రం పెద్దవాళ్లను కూర్చోబెట్టవద్దు. వెనక చక్రాలకు శక్తిని తీసుకుపోయే కడ్డీ కోసం అక్కడ నేల గట్టులా లేచి ఉంటుంది.

పెట్రోలు గురించి క్లుప్తంగా. ట్యాంకు మూత లోపలి స్టిక్కరు మీద కనీస ఆక్టేన్ అంకె (పెట్రోలు ఇంజిన్‌లో అకాలంగా మండకుండా తట్టుకునే గుణానికి కొలత), ఎంత శాతం ఇథనాల్ వరకు వాడవచ్చో ఉంటాయి. అదే ప్రమాణం, బంకు కుర్రాడి మాట కాదు. ఆక్టేన్ తక్కువైతే ఇంజిన్‌లోని నాక్ సెన్సర్ (అలా అకాలంగా మండడాన్ని పసిగట్టే పరికరం) స్పార్క్‌ను ఆలస్యం చేసి ఇంజిన్‌ను కాపాడుతుంది, కానీ మీరు డబ్బు పెట్టి కొన్న బలం కొంత తగ్గుతుంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో కంటే సుమారు మూడో వంతు తక్కువ కాబట్టి, 20 శాతం కలిసిన పెట్రోలులో మైలేజీ కొంత పడిపోవడం సహజమే, దానికి సర్వీసు సెంటరువారితో తగవు పెట్టుకోవద్దు.

మీరు అడగని రెండు సంగతులు. పది లక్షలు దాటిన బండి కొన్నప్పుడు అమ్మినవారు ఒక శాతం పన్ను ముందుగా వసూలు చేసి మీ పాన్ పేరున జమ చేస్తారు. ఆదాయపు పన్ను రిటర్నులో దానిని మీరు సర్దుబాటు చేసుకోవచ్చు, చాలామంది మరచిపోతారు. రెండోది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు కురిసే వానల్లో రైల్వే కింది వంతెనల దగ్గర నీళ్లు నిలిచినప్పుడు ముందు కారు వెళ్లింది కదా అని దిగవద్దు. ఇంజిన్ గాలితో పాటు నీటిని పీల్చితే లోపలి కడ్డీలు వంగిపోతాయి. మామూలు సమగ్ర బీమా సాధారణంగా ఆ నష్టాన్ని భరించదు, ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి.

ప్రశ్న: మన రోడ్ల మీద అంత డబ్బుకు ఎత్తయిన ఎస్‌యూవీ కొనక, నేలబారు సెడాన్ ఎందుకు? గంటకు 250 కిలోమీటర్లు పోయే బండిని ఎక్కడ నడుపుతారు?
— ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: ఎక్కడా నడపరు, నడపకూడదు. 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్ వే మీద 120. మీ పలమనేరు దారిలోని మొగిలి ఘాట్ లాంటి చోట అంతకంటే చాలా తక్కువకు రావాలి. కానీ 250లో నిలబడేలా కట్టిన బ్రేకులూ చట్రమూ 80లో ఏ ఆవో అడ్డం వచ్చినప్పుడు మిమ్మల్ని ఆపుతాయి. బరువు కిందికి ఉన్న బండి హఠాత్తుగా పక్కకు తిప్పినప్పుడు తక్కువ ఒరుగుతుంది. ఎత్తయిన బండికి ఆ గుణాన్ని తేవడానికి ఇంకా చాలా యంత్రాంగం, బరువు కలపాలి. బీఎండబ్ల్యూ తన 3 సిరీస్‌ను 1975లో తెచ్చినప్పటి నుంచి ఈ తరగతి బండ్లకు ఆదరణ నిలిచి ఉండటానికి కారణం అదేనని నా అభిప్రాయం. మామిడితోటలోకి దిగే పని రోజూ ఉంటే మాత్రం మీరన్నదే సరి, ఎస్‌యూవీనే కొనండి.

ప్రశ్న: ఇటువంటి సెడాన్ మూడేళ్లు వాడినది బెంగళూరులో బేరానికి వచ్చింది. కేఏ (కర్ణాటక) నంబరు. కొనవచ్చునా?
— ఒక పాఠకురాలు, మదనపల్లె

సమాధానం: కొనవచ్చును, కాగితాలు సరిగా ఉంటే. బీమా లెక్కల్లో బండి విలువ రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు 30 శాతం, నాలుగేళ్ల లోపు 40 శాతం తగ్గినట్టు చూస్తారు; అడిగిన ధర ఆ లెక్క కన్నా ఎక్కువగా ఉంటే బేరం ఆడండి. మొదటి సొంతదారు దాచిన సర్వీసు రికార్డు మొత్తం చూడండి, కంపెనీ వారంటీ ఇంకా ఉందో, ఉంటే మీ పేరుకు మారుతుందో సర్వీసు సెంటరులో ఛాసిస్ నంబరు చెప్పి కనుక్కోండి. టైరు పక్కన అచ్చువేసిన తయారీ కోడులో చివరి నాలుగంకెలు తయారైన వారం, ఏడాది చెబుతాయి: 2423 అంటే 2023లో ఇరవైనాలుగో వారం. నాలుగు టైర్లలో ఒకటి మాత్రమే కొత్తదైతే ఎందుకు మార్చారో అడగండి. బండిని ఇక్కడే ఉంచుకుంటారు కాబట్టి కర్ణాటక నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెప్పించుకుని, ఇక్కడి జీవితకాలపు పన్ను కట్టి, ఏపీ నంబరు వేయించుకోవాలి. పన్నెండు నెలలు దాటి పరాయి రాష్ట్రపు నంబరుతో నడపడం చట్టం ఒప్పదు. ఆ పన్ను ఎంత పడుతుందో రవాణా కార్యాలయంలో ముందే తెలుసుకుని, బేరం ధరకు కలిపి, అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.

ప్రశ్న: కొత్త కారులో వేగం 80 దాటితే టింగుమని గంట మోగుతోంది. షోరూములో తీయించవచ్చా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

సమాధానం: తీయించకూడదు. 2019 జూలై నుంచి తయారయ్యే కార్లన్నిటికీ ఆ హెచ్చరిక తప్పనిసరి. 80 దాటితే ఆగి ఆగి మోగుతుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. తమిళుల పురట్టాసి నెలలో (సెప్టెంబరు–అక్టోబరు) మీ పరిసరాల రోడ్ల మీద తమిళనాడు నుంచి పసుపు బట్టలతో కాలినడకన కొండకు పోయే భక్తులు రాత్రంతా నడుస్తుంటారు; ఆ రోజుల్లో హెడ్‌లైట్లు దించుకుని, ఆ గంట మోగనంత నెమ్మదిగానే వెళ్లండి.